ఆటలో ఉన్న అమ్మాయి అట్ట మీద ఎందుకు లేదు? గేమ్ కంపెనీల మార్కెటింగ్ విభాగాలకు బహిరంగ లేఖ

వీడియో గేమ్‌లు పబ్లిష్ చేసే కంపెనీల్లో మార్కెటింగ్ బాధ్యతలు చూస్తున్నవారికి,

నమస్కారం.

మొన్న సంక్రాంతి సెలవులకి మా అన్నయ్య కూతురు మా ఇంటికి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నా షెల్ఫులో వెతికి వెతికి అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ అనే వీడియో గేమ్ తీసుకుంది. ఆ ఆట థర్మోపైలే యుద్ధంతో మొదలవుతుంది. యుద్ధం అయ్యాక రెండు ముఖాలు చూపించి అలెక్సియోస్, కసాండ్రా ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటుంది. మా పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కసాండ్రాని ఎంచుకుంది. భోజనానికి పిలిచినా లేవలేదు. అర్ధరాత్రి దాకా ఆ గ్రీకు దీవుల్లో పడవ వేసుకుని తిరిగింది.

చివరికి డిస్క్ కేసులో పెడుతూ అట్ట వైపు చూసి అడిగింది: "అత్తా, కసాండ్రా ఏదీ?"

అట్ట మీద ఉన్నది అలెక్సియోస్. దానికి ఏదో ఒకటి చెప్పి పడుకోబెట్టాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు, ఎందుకంటే అసలు జవాబు నాకు తెలుసు.

2020 జులైలో బ్లూమ్‌బెర్గ్ వార్తాసంస్థ ఒక కథనం రాసింది. దాని ప్రకారం ఒడిస్సీని మొదట అనుకున్నప్పుడు అది పూర్తిగా కసాండ్రా కథ. ఆడదాన్ని ముందు పెడితే అమ్ముడుపోదని పైవాళ్లూ మార్కెటింగ్ వాళ్లూ అనడంతో అలెక్సియోస్ వచ్చి చేరాడు. అదే సిరీస్‌లో అంతకుముందు వచ్చిన సిండికేట్ అనే ఆటలో అక్కాతమ్ముళ్లు ఈవీ, జేకబ్‌లకు సమానంగా కథ ఉండాల్సింది. చివరికి జేకబ్ వాటా పెరిగింది, కవర్ మీద నడిమధ్యలో కూర్చున్నదీ అతనే. అదే సిరీస్‌లోని ఆరిజిన్స్‌లో కథానాయకుడు బాయెక్ మొదట్లోనే తప్పుకుని అతని భార్య ఆయా కథ నడపాలన్నది ఒక దశలో అనుకున్న ప్లాన్. అదీ పోయింది. ఒడిస్సీ ఆధారంగా వచ్చిన అధికారిక నవల చూస్తే కథానాయిక కసాండ్రాయే. తర్వాతి ఆటల్లో అసలు కథగా లెక్కలోకి వచ్చిందీ ఆమెదే. కథ ఎవరిదో ఆ కథ రాసినవాళ్లకి తెలుసు. డబ్బు పెట్టి కొన్న మా పిల్లకి మాత్రం అట్ట చూస్తే తెలియదు.

నేను హైదరాబాద్‌లో క్యారెక్టర్ యానిమేటర్‌ని. పదమూడేళ్లుగా ఇదే పని. మీరు ట్రైలర్లలో చూపించే మనుషులు నడవడం, పరిగెత్తడం, దెబ్బ తిని లేవడం మాలాంటి వాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది. అందుకే నాకు ఈ విషయం రెండు వైపుల నుంచీ తగులుతుంది, ఆడేదానిగానూ తయారుచేసేదానిగానూ.

నేను అడుగుతున్నది ముందే చెప్పేస్తాను. ప్రతి పోస్టర్ మీదా ఆడమనిషి ఉండాలని అడగడం లేదు. కథ మగవాడిదైతే మగవాడినే వేయండి. ఆమెదైతే ఆమెను వేయండి. ఇద్దరిదీ అయితే ఇద్దరినీ వేయండి. ఆమె ఉన్న ఆటకి కూడా ప్రచారం మీద అంతే డబ్బు పెట్టండి. ఆ తర్వాత అమ్ముడుపోలేదంటే అప్పుడు మాట్లాడుకుందాం.

కొన్నేళ్ల కిందట ఒక స్టూడియోలో పనిచేసేటప్పుడు (దాని పేరు ఇక్కడ అనవసరం) మొబైల్‌కి ఒక యాక్షన్ గేమ్ చేశాం. అందులో ముఖ్యపాత్ర విలువిద్య తెలిసిన అమ్మాయి. ఆమె విల్లు లాగే కదలిక ఒక్కటే నాకు మూడు వారాలు పట్టింది. నారి లాగేటప్పుడు బలం చేతిలోంచి కాదు, వీపులోంచి వస్తుంది. భుజం వెనక ఎముక ఎలా కదులుతుందో అద్దం ముందు నిలబడి నా వీపే ఫోన్‌లో వీడియో తీసుకుని చూసేదాన్ని. మా ఆర్టిస్ట్ వేసిన కీ ఆర్ట్‌లో, అంటే ప్రచారానికి వాడే ముఖ్యమైన బొమ్మలో, ఆ అమ్మాయి మధ్యలో నిలబడి విల్లు ఎక్కుపెట్టి ఉంది. చూడగానే మా టీమ్ అంతా చప్పట్లు కొట్టాం.

తర్వాత రివ్యూ కాల్ పెట్టారు. "ఈమెను కొంచెం వెనక్కి జరపండి, ఆ కమాండర్‌ని ముందుకి తీసుకురండి" అన్నారు అవతలి నుంచి. మా కళ్ల ముందే, షేర్ చేసిన స్క్రీన్ మీద, ఆమె ఉన్న లేయర్ కిందకి దిగింది. సగం సైజుకి తగ్గింది. ఎక్కుపెట్టిన మోచెయ్యి కమాండర్ భుజకవచం వెనక్కి వెళ్లిపోయింది. విల్లు ఎవరు పట్టుకున్నారో కూడా కనపడని బొమ్మ అయిపోయింది. ఏ లెక్క చూసి చెబుతున్నారని అడిగాను. "జనరల్‌గా అంతే కదా" అన్నారు. యాప్ ఐకాన్‌గా నోరు తెరిచి అరుస్తున్న గడ్డపాయన ముఖం పెట్టారు. ఆ కమాండర్ ఆటలో కనిపించేది నాలుగో లెవెల్ తర్వాత.

డౌన్‌లోడ్లు అనుకున్నంత రాలేదు. వచ్చినవాళ్లలో చాలామంది మొదటి రోజే వదిలేశారు. గడ్డపాయన్ని చూసి వచ్చినవాళ్లకి ఆట తెరవగానే వేరే మనిషి కనిపిస్తే ఏం అనుకుంటారు? మూడు నెలల తర్వాత సమీక్ష పెట్టినప్పుడు స్లైడ్ మీద రాసిన కారణం ఇది: లేడీ క్యారెక్టర్ వర్క్ అవ్వలేదు.

ఆమెను ఎవరికీ చూపించనే లేదు. వర్క్ అవ్వలేదన్న నింద మాత్రం ఆమె ఖాతాలో రాశారు. ఆ రోజు నేను మీటింగ్‌లో ఏమీ అనలేకపోయాను. అప్పుడు అనలేని మాటే ఇప్పుడు ఇంత పెద్ద ఉత్తరంగా రాస్తున్నాను.

ఇది మా ఒక్క ఆటకి పట్టిన గతి కాదు. 2012లో ఈడార్ అనే మార్కెట్ రీసెర్చ్ సంస్థ 669 ఆటలు లెక్కలోకి తీసుకుంది. వాటిలో ఆడపాత్రని ఎంచుకునే వీలున్నవి దాదాపు 300. ఆడపాత్ర మాత్రమే ముఖ్యపాత్రగా ఉన్నవి 24. ఆ 24 తక్కువ అమ్ముడుపోయాయని మీ వాళ్లు చాలాసార్లు చెప్పారు. అదే లెక్కలో ఉన్న ఇంకో సంగతి మాత్రం చెప్పరు. మగపాత్ర ఆటల ప్రచారానికి వంద రూపాయలు పెడితే ఆడపాత్ర ఆటలకి పెట్టింది దాదాపు నలభై. నీళ్లు పోయని చేనులో పంట రాలేదని విత్తనాన్ని తిట్టుకున్నట్టుంది ఇది. పైగా ఆ పంట రాలేదన్న లెక్కే వచ్చే ఏడు నీళ్లు ఇంకా తగ్గించడానికి సాక్ష్యం అవుతోంది.

మాస్ ఎఫెక్ట్ అనే ఆటల సిరీస్ సంగతి తీసుకోండి. 2007లో మొదటి ఆట వచ్చినప్పటి నుంచీ ముఖ్యపాత్ర కమాండర్ షెపర్డ్‌ని మగగా అయినా ఆడగా అయినా ఆడొచ్చు. ఆడ షెపర్డ్‌కి జెన్నిఫర్ హేల్ మొదటి నుంచీ గొంతు ఇచ్చింది. ఆ గొంతు కోసమే ఆ ఆటలు రెండోసారి ఆడినవాళ్లు నాకు తెలుసు, వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ మొదటి రెండు ఆటల కవర్ల మీదా ట్రైలర్లలోనూ కనిపించింది మగ షెపర్డ్ ఒక్కడే. ఆడ షెపర్డ్‌గా ఆడుతున్నవాళ్లు 18 శాతమే అని 2011లో కంపెనీ వాళ్లు చెప్పారు. ఒక్క పోస్టర్ లేకుండా, ఆమె ఉందని చాలామందికి తెలియకుండానే 18 శాతమంటే నాకైతే అది చాలా పెద్ద అంకెగా కనిపించింది.

2012లో మూడో ఆటకి ఆమెకంటూ ఒక ట్రైలర్ ఇచ్చారు. దానికి ముందు ఆమె ముఖం ఎలా ఉండాలో ఫేస్‌బుక్‌లో ఓటింగ్ పెట్టారు. మగ షెపర్డ్ ముఖానికి మాత్రం ఎవరినీ ఓటు అడగలేదు. అతన్ని ఒక మోడల్ ముఖం చూసి తయారుచేశారు, అందరూ ఒప్పుకున్నారు. ఆమెకి మాత్రం అందాల పోటీ పెట్టాల్సి వచ్చింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఆ ఏడాది నాకు దొరికిన సంతోషం చిన్నది కాదు. మూడో ఆట కవర్ కాగితానికి రెండు వైపులా బొమ్మలు ఉన్నాయి. నేను కేసు తెరిచి, ప్లాస్టిక్ కింద ఉన్న కాగితాన్ని నలగకుండా మెల్లగా బయటికి లాగి, తిప్పి, మళ్లీ లోపలికి దూర్చాను. లోపలి వైపున్న ఆమె బయటికి వచ్చింది. అప్పటి నుంచి ఆ కేసు నా షెల్ఫులో అలాగే ఉంది. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. షాపులో అద్దం వెనక ఉన్నప్పుడు ఆమె లోపలి వైపే ఉంది. కొన్నాకే నాకు కనిపించింది. మిగతావాళ్లు కొనాలా వద్దా అని చూసేటప్పుడు ఆమె లేదు. 2021లో ఆ మూడు ఆటలూ కలిపి మళ్లీ విడుదల చేసినప్పుడు ఆమెగా ఆడినవాళ్లు 32 శాతమని కంపెనీయే చెప్పింది. పదేళ్లలో ఆమె నడక మారలేదు, గొంతు మారలేదు. ఆమె ఉందని జనానికి తెలిసింది.

ఇదే 2012, 2013 మధ్య రెండు పెద్ద ఆటల కవర్లు రెండు దారుల్లో వెళ్లాయి. బయోషాక్ ఇన్ఫినిట్ కథ మొత్తం ఎలిజబెత్ చుట్టూ తిరుగుతుంది. కవర్ మీద మాత్రం తుపాకీ భుజాన వేసుకున్న మగ ముఖ్యపాత్ర బుకర్ ఒక్కడే ఉన్నాడు. ఆటల గురించి పెద్దగా తెలియని కాలేజీ కుర్రాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి మరీ ఆ కవర్ చేశామని ఆ ఆట డైరెక్టర్ కెన్ లెవీన్ దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీని గౌరవిస్తాను. కానీ ఆ కుర్రాళ్ల గదుల దగ్గరే ఆగిపోకుండా ఇంకో నాలుగు అడుగులు వేసి అమ్మాయిల హాస్టల్ తలుపు కూడా తట్టి ఉంటే ఏం తెలిసేదో!

రెండో ఆట ది లాస్ట్ ఆఫ్ అస్. అందులో ముఖ్యపాత్రలు జోయెల్ అనే మగవాడు, ఎల్లీ అనే అమ్మాయి. ఎల్లీని కవర్ వెనక్కి నెట్టమని ఒత్తిడి వచ్చింది. ఆట తయారుచేసిన నాటీ డాగ్ స్టూడియో వాళ్లు కుదరదని నిలబడ్డారు. కవర్ మీద ఎల్లీ ముందు ఉంది, జోయెల్ ఆమె వెనక ఉన్నాడు. ఇంకో సంగతి ఆ స్టూడియోకి చెందిన నీల్ డ్రక్‌మన్ చెప్పాడు. ఆటని జనం మీద పరీక్షించి చూసే రీసెర్చ్ సంస్థ ఆడవాళ్లని పిలిచే ఆలోచనలోనే లేదట. వీళ్లు ప్రత్యేకంగా అడిగితే పిలిచారు. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ "మా టెస్టింగ్‌లో తేలింది" అని మీరు చెప్పిన మాటల వెనక ఉన్న గదిలో మేము లేనే లేము. అమెరికాలో గేమ్‌లు ఆడేవాళ్లలో దాదాపు సగం ఆడవాళ్లని అక్కడి పరిశ్రమ సంఘమే ఏటా లెక్కలు చెబుతోంది. సగం మందిని గది బయట నిలబెట్టి తేల్చినది లెక్క ఎలా అవుతుంది?

ది లాస్ట్ ఆఫ్ అస్ మొదటి మూడు వారాల్లో 34 లక్షల కాపీలు అమ్ముడుపోయింది. 2020లో రెండో భాగం కవర్ మీద ఎల్లీ ముఖం ఒక్కటే ఉంది. ముక్కు మీద రక్తం, కళ్లలో కోపం, మన వైపు చూసి నవ్వే ప్రయత్నం ఏమాత్రం లేదు. మూడు రోజుల్లో 40 లక్షలు. హొరైజన్ జీరో డాన్ అనే ఇంకో ఆటలో ఏలోయ్ అనే అమ్మాయి ఒక్కతే ముఖ్యపాత్ర. ఆడపాత్రని పెడితే ఎలా ఉంటుందోనని ఆ ఆట పబ్లిష్ చేసిన సోనీ ముందు కంగారుపడింది, విడిగా పరీక్షలు కూడా పెట్టింది. ఆట 2017 ఫిబ్రవరిలో వచ్చింది, 2021 చివరికి 2 కోట్ల కాపీలు దాటింది. గోడంత పోస్టర్ మీద విల్లు పట్టుకుని యంత్రాల ముందు నిలబడ్డ ఏలోయ్‌ని చూసినప్పుడు మా కమాండర్ భుజం వెనక దాగిపోయిన మోచెయ్యి గుర్తొచ్చింది.

మీ అంచనా పోస్టర్ దగ్గర ఆగిపోతే ఇంత బాధ లేదు. అది వెనక్కి నడిచి ఆట పుట్టకముందే ఆట మీదకి వస్తుంది. ఫ్రాన్స్‌లో డోంట్‌నాడ్ అనే స్టూడియో రిమెంబర్ మీ అనే ఆటలో నీలిన్ అనే అమ్మాయిని పెట్టుకుని పబ్లిషర్ల చుట్టూ తిరిగింది. ఆడపాత్ర అయితే అమ్ముడుపోదని కొందరు తిప్పి పంపారు. ఆ అమ్మాయి ఒక అబ్బాయిని ముద్దు పెట్టుకుంటే ఆడే మగపిల్లలకి ఇబ్బందిగా ఉంటుందని కూడా అన్నారట! అదే స్టూడియో తర్వాత లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ చేసింది. మ్యాక్స్, క్లోయీ అనే ఇద్దరు స్నేహితురాళ్ల కథ. ఒక్క స్క్వేర్ ఎనిక్స్ తప్ప మిగతా పబ్లిషర్లు ముఖ్యపాత్రని మగవాడిగా మార్చమన్నారని వాళ్లే చెప్పారు. 2015లో వచ్చిన ఆ ఆట ఎంతమంది మనసులో నిలిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మారిస్తే ఆ కథ ఉండేదా?

మా యానిమేటర్ల పేరు చెప్పి కూడా ఒక సాకు వచ్చింది. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీలో మనం నడిపించడానికి ఆడపాత్ర ఎందుకు లేదంటే వేలకొద్దీ యానిమేషన్లు మళ్లీ చేయాల్సి వస్తుందన్నారు. అదే సిరీస్‌లో అంతకుముందు యానిమేషన్ డైరెక్టర్‌గా చేసిన జొనథన్ కూపర్ అది ఒకటి రెండు రోజుల పని అని బహిరంగంగా అన్నాడు. ఆయన మాట కొంచెం దూకుడుగా ఉన్నా దారి అదే. ఒక ఎముకల గూడు మీద చేసిన కదలికల్ని ఇంకో గూడు మీదకి మార్చడం మాకు రోజూ ఉండే పని. నిలబడే తీరు, నడక, పరుగు లాంటి కొన్నింటిని మళ్లీ చేస్తే మనిషి మారిపోతుంది. మాకు పని ఎక్కువవుతుందని మీరు బాధపడకండి. ఆ పని మేము ఇష్టంగా చేస్తాం.

అలాగని కవర్ మీద ఆడమనిషి ఉంటే చాలని కూడా అనను. 1996లో టూమ్ రైడర్ కవర్ మీద లారా క్రాఫ్ట్ ఉంది. ఆ తర్వాత ఆమెతో చేసిన ప్రకటనలు చాలావరకు ఆమె ఒళ్లు చూపించి అమ్మినవే. ఆమెను తయారుచేసిన టోబీ గార్డ్‌కే అది నచ్చలేదు, కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. గుహల్లో ఒంటరిగా తిరిగే ధైర్యవంతురాలిని తీసుకొచ్చి క్యాలెండర్ బొమ్మ చేశారు. అది కూడా ఆమెను దాచడమే.

మీ వైపు నుంచి వచ్చే ప్రశ్న నాకు తెలుసు. 2018లో బ్యాటిల్‌ఫీల్డ్ 5 సంగతేంటి అంటారు. రెండో ప్రపంచయుద్ధం ఆట ట్రైలర్‌లోనూ కవర్ మీదా ఆడ సైనికురాలిని పెట్టారు. పెద్ద గొడవ అయింది. నచ్చకపోతే కొనకండి అని కంపెనీ పెద్ద ఒకాయన అన్నాడు. ఆట అనుకున్నంత అమ్ముడుపోలేదు. దీన్ని నేను తప్పించుకోను. కానీ ఆ ట్రైలర్ చూసినవాళ్లకి ఆమె ఎవరో, ఎందుకు పోరాడుతోందో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆట విడుదల కూడా నెల వాయిదా పడింది. అదే ఆటలో నార్వే మంచుకొండల్లో నాజీల మీద పోరాడే ఒక అమ్మాయి కథ ఉంది. ఆ అమ్మాయిని ముందు పెట్టి, ఆమె కథ చెప్పి ఉంటే ఎలా ఉండేదని ఎవరైనా అడిగారా? ఒక ఆట తడబడితే ఆడపాత్రలన్నిటి మీదా ముద్ర వేస్తారు. మగపాత్రలున్న ఆటలు ఏటా ఎన్నో చతికిలపడతాయి, మగవాడి వల్ల పోయిందని ఒక్కరూ రాయరు.

మన దగ్గర ఈ మాట కొత్తది కాదు. తెలుగులో హీరోయిన్ అనే మాటకే హీరో పక్కన ఉండే అమ్మాయి అనే అర్థం స్థిరపడిపోయింది. కథ నడిపే మనిషి ఆడదైతే దానికి "లేడీ ఓరియెంటెడ్" అని వేరే పేరు పెడతారు. అయినా 1990లో కర్తవ్యంలో విజయశాంతిని, 2009లో అరుంధతిలో అనుష్కని మన జనం థియేటర్లు నింపి చూశారు. మా నాన్న లాఠీ పట్టుకున్న విజయశాంతి పోస్టర్ చూసే టికెట్ కొన్నాడు. ఎవరూ ఆయన్ని గదిలో కూర్చోబెట్టి పరీక్షించలేదు.

ఆటల్లో కూడా మన దేశం నుంచి ఉదాహరణ ఉంది. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్ అనే ఆట తెచ్చింది. సర్కస్‌లో పెరిగిన రాజీ అనే అమ్మాయి, రాక్షసులు ఎత్తుకెళ్లిన తమ్ముడు గోలూ కోసం బయలుదేరుతుంది. దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలం ఆమె చేతిలో ఉంటుంది. మధ్యమధ్య కథని మన తోలుబొమ్మలాటలా నీడబొమ్మలతో చెబుతారు. 2017లో జనం నుంచి చందాలు సేకరించే ప్రయత్నం చేస్తే డబ్బు సరిపడా రాలేదు. అయినా వాళ్లు రాజీని పక్కకి జరపలేదు. అట్ట మీద ఆమే ఉంది. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో తొలి ఆటల విభాగంలో నామినేషన్ దాకా వెళ్లింది.

హైదరాబాద్‌లో గేమ్ డెవలపర్ల సదస్సులు జరిగాయి, మీలో చాలామంది వచ్చి వెళ్లారు. ఇక్కడి స్టూడియోల్లో నాలాంటి అమ్మాయిలు మీ ఆటలకే పనిచేస్తున్నారు. మీ ఆటల్లో ఆడవాళ్ల నడకలూ చేతులూ జుట్టు కదలికలూ మా డెస్కుల మీద తయారవుతాయి. అవి అట్ట వెనక్కి పోతుంటే చూస్తూ ఊరుకోవడం మాకు కష్టంగా ఉంది.

మీ తర్వాతి ఆటకి ప్రచారం బడ్జెట్ రాసుకునేటప్పుడు ముఖ్యపాత్ర ఎవరన్న గడి మూసేసి అంకె వేయండి, ఆ తర్వాత తెరిచి చూడండి. ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే ఆట అయితే ఇద్దరి ముఖాలూ బయటి వైపే వేయండి, కాగితం తిప్పే పని మాకు పెట్టకండి. ఆట అనుకున్నంత పోలేదని రాసేటప్పుడు ఆమెను ఎన్ని పోస్టర్ల మీద, ఎన్ని సెకన్లు చూపించామో పక్కనే రాయండి. కవర్ పరీక్షకి పిలిచేవాళ్ల జాబితాలో ఆడపేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సరిపడా లేకపోతే ఇక్కడి నుంచి మేము పంపిస్తాం. మా మేనకోడలి పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతాయి. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా వస్తుంది.

ఇట్లు,
ఒక క్యారెక్టర్ యానిమేటర్,
హైదరాబాద్